ఈ సైటు ఏ తరం వెబ్? మీరే పోల్చుకోవడం ఎలా

వెబ్‌ని 1.0, 2.0, 3.0 అని మూడు తరాలుగా చెబుతుంటారు, మీరు చూసే సైటు ఏ తరం పద్ధతిదో పోల్చుకోవడం ఇలా. ముందు కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి ఇన్ఫో డాట్ సెర్న్ డాట్ సీహెచ్ అనే చిరునామాకి వెళ్లండి. ఫోన్‌లో కూడా వస్తుంది గానీ, కింద చెప్పబోయే కొన్ని పనులకు కంప్యూటరే కావాలి, కాబట్టి వీలైతే దాని ముందే కూర్చోండి. మొట్టమొదటి వెబ్‌సైటు చూడండి అనే లింకు కనిపిస్తుంది. అది నొక్కితే తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు, మధ్యమధ్యలో కింద గీత ఉన్న నీలం మాటలు, అంతే. బొమ్మ లేదు, లాగిన్ లేదు, కుకీలు ఒప్పుకుంటారా అని అడ్డంపడే పెట్టె లేదు. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో వెబ్‌ను తయారుచేసిన టిమ్ బెర్నర్స్‌లీ ఈ పని గురించి బయటివాళ్లకు ప్రకటించింది 1991 ఆగస్టు 6న. తర్వాత ఆ పేజీ చాలాకాలం కనిపించకుండా పోతే, దొరికిన పాత ప్రతితో 2013లో సెర్న్ వాళ్లే దాన్ని మళ్లీ అదే చిరునామాలో నిలబెట్టారు. పేజీ చివరికి వెళ్లి చూడండి, నేనెలా సాయపడగలను అనే అర్థం వచ్చే లింకు ఒకటి ఉంటుంది. ఆ లింకు సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

వెబ్ 1.0 అంటున్నది ఇలాంటి పేజీలనే. అయితే ఆ రోజుల్లో ఎవరూ దాన్ని అలా పిలవలేదు. ఇంట్లో ఒక్క కొడుకే ఉన్నన్నాళ్లూ వాణ్ణి పెద్దోడు అనరు కదా, రెండోవాడు పుట్టాకే వాడు పెద్దోడవుతాడు. 2004 అక్టోబరులో కంప్యూటర్ పుస్తకాలు వేసే ఓరైలీ సంస్థ వాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలో వెబ్ 2.0 అనే పేరుతో సదస్సు పెట్టారు, మరుసటి ఏడాది టిమ్ ఓరైలీ దాని మీద పెద్ద వ్యాసం రాశారు, దాంతో ఆ మాట అందరి నోళ్లలో పడింది, అంతకుముందు ఉన్నదంతా 1.0 అయిపోయింది. నిజానికి వెబ్ 2.0 అనే మాటను డార్సీ డినూచీ అనే ఆవిడ 1999లోనే వాడారు.

ఈ అంకెలు చూసి చాలామంది ఫోన్ అప్‌డేట్ లాంటిదేదో అనుకుంటారు, అంటే పాతది పోయి దాని స్థానంలో కొత్తది వచ్చిందని. అలా జరగలేదు. మా ఊళ్లో పాత పెంకుటింటికి ముందు వసారా దించుకుని, తర్వాత పక్కన డాబా వేసుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి, వెబ్ కూడా అలాగే పెరిగింది. పెంకుటిల్లు ఇంకా ఉంది, అందులో వంట ఇప్పటికీ జరుగుతోంది. మీరు ఇవాళ ఏ సైటు తెరిచినా అడుగున పేజీ రాసే భాష హెచ్‌టీఎంఎల్, పేజీని పంపే పద్ధతి హెచ్‌టీటీపీ ఉంటాయి, అవి బెర్నర్స్‌లీ నాటివే. కాబట్టి ఏ సంవత్సరంలో పుట్టిందన్నదాన్ని బట్టి తరం తేల్చకండి. మూడు ప్రశ్నలు వేయండి. ఇక్కడ రాసేది ఎవరు? రాసింది ఎవరి కంప్యూటర్‌లో ఉంటుంది? వాళ్లు రేపు దుకాణం కట్టేస్తే నా చేతిలో ఏం మిగులుతుంది? నేను పదేళ్లకు పైగా కుర్రాళ్లకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను, ఈ మూడింటికన్నా బాగా పనిచేసే కొలబద్ద నాకు దొరకలేదు. మూడోది చాలా ముఖ్యం, ఎందుకో కింద చెబుతాను.

గుమ్మం దగ్గరే ఒకసారి ఆగండి

అన్నిటికన్నా సులువైన పరీక్ష ఇది. సైటు లోపలికి వెళ్లేటప్పుడు మిమ్మల్ని ఏం అడుగుతోంది? ఏమీ అడక్కుండా రానిస్తే అది మొదటి తరం పద్ధతి. ఈమెయిలో ఫోన్ నంబరో ఇచ్చి ఖాతా తెరవమంటే రెండో తరం. వాలెట్, అంటే క్రిప్టో తాళంచెవులు దాచుకునే యాప్, కనెక్ట్ చేయమంటే మూడో తరం అని చెప్పుకుంటున్నది.

ఈ ఒక్కదాంతోనే తీర్పు చెప్పేయకండి. రైలు టికెట్ల సైటులో లాగిన్ ఉంది, ఓటీపీ ఉంది, కానీ అక్కడ మీరు రాసేదేమీ లేదు, రైళ్లూ ఖాళీలూ ధరలూ అన్నీ వాళ్లు పెట్టినవే. ఒక న్యూస్ సైటులో వార్త చదవడం మొదటి తరం పని, దాని కింద కామెంట్ పెట్టడం రెండో తరం పని, ఒకే పేజీలో రెండూ ఉన్నాయి. గుమ్మం పరీక్ష అయ్యాక రాసేదెవరన్న ప్రశ్న వేయాల్సింది అందుకే.

ఇంకో పరీక్ష. ఇంట్లో ఇద్దరి ఫోన్లు పక్కపక్కన పెట్టి ఒకే చిరునామా తెరవండి. ఇద్దరికీ అక్షరం తేడా లేకుండా ఒకటే కనిపిస్తే, అక్కడ సర్వర్‌లో, అంటే సైటు ఉండే కంప్యూటర్‌లో, ఒక ఫైలు ఉందనీ, ఎవరడిగినా అదే తీసిస్తోందనీ అనుకోవచ్చు. మీ ఫోన్‌లో ఒకటీ మీ అమ్మగారి ఫోన్‌లో ఒకటీ కనిపిస్తే, మీ ఇద్దరి గురించీ అవతలివాళ్ల దగ్గర వేర్వేరు లెక్కలు ఉన్నాయన్నమాట. మా క్లాసులో ఎంత సేపు చెప్పినా అర్థంకానిది ఈ రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టగానే అర్థమవుతుంది.

మొదటి తరం చదవడానికే అన్నది సగం నిజం

ఎక్కడ చూసినా వెబ్ 1.0 అంటే చదవడం, 2.0 అంటే రాయడం అని రాసి ఉంటుంది. పరీక్షలో రెండు మార్కుల జవాబుకి అది చాలు. కానీ బెర్నర్స్‌లీ 1990లో నెక్స్ట్ అనే కంపెనీ కంప్యూటర్ మీద తయారుచేసిన మొట్టమొదటి బ్రౌజర్‌లో పేజీ చదవడమే కాదు, దిద్దడం కూడా ఉంది. అందరూ చదువుతారు, అందరూ రాస్తారు అన్నదే ఆయన ఆలోచన. పైన చెప్పిన సాయపడే లింకు కూడా దానికి గుర్తే. తర్వాత మామూలు కంప్యూటర్లకు వచ్చిన బ్రౌజర్లలో దిద్దే భాగం లేకుండా పోయింది. 1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి మొజాయిక్ అనే బ్రౌజర్ వచ్చింది, అక్షరాల పక్కనే బొమ్మలు చూపించింది, జనం ఎగబడ్డారు, కానీ అది ప్రధానంగా చూసే పరికరం. అలా వెబ్‌లో చదివేవాళ్లు కోట్లలోకి, రాసేవాళ్లు వేలల్లోకి చీలిపోయారు. పేజీ పెట్టాలంటే హెచ్‌టీఎంఎల్ రావాలి, సర్వర్‌లో చోటు కావాలి, ఫైళ్లు ఎక్కించడం తెలియాలి, ఇవన్నీ ఎంతమందికి వస్తాయి?

ఇంకొక్కటి చెప్పాలి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ తన వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని రాతపూర్వకంగా వదిలేసింది. ఆ రోజుల్లో గోఫర్ అనే ఇలాంటిదే మరో పద్ధతి బాగా నడుస్తుండేది, దాన్ని తయారుచేసిన మిన్నెసోటా విశ్వవిద్యాలయం అదే ఏడాది కొందరి దగ్గర లైసెన్సు ఫీజు వసూలు చేస్తామనేసరికి జనానికి భయం పట్టుకుంది, మెల్లగా ఇటు జరిగారు. ఆ ఒక్క కాగితం లేకపోయి ఉంటే ఇవాళ మనం మాట్లాడుకుంటున్నది వెబ్ గురించి అయ్యుండేది కాదని నా నమ్మకం.

మన తరాలు ఫాంట్లతో మొదలయ్యాయి

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే బయట రాసే వ్యాసాల్లో ఈ భాగం ఉండదు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న మొదలుపెట్టింది. నేను మొదటిసారి చూసింది 2000లో, గంటకి 30 రూపాయలు తీసుకునే సైబర్ కేఫ్‌లో. తెలుగు పేపరు సైటు తెరిస్తే ముందు ఫాంటు దించుకోమనేది. ఆ పేపరుకి ఒక ఫాంటు, ఈ పేపరుకి ఇంకో ఫాంటు. కేఫ్ కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఎక్కించడానికి ఓనరు ఒప్పుకోకపోతే తెరనిండా నెత్తిన చుక్కలూ కింద తోకలూ ఉన్న యూరప్ అక్షరాలు కనిపించేవి.

ఎందుకలా అంటే, కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరం ఉండాల్సిన గదిలో ఒక సంస్థ క బొమ్మ పెడితే ఇంకో సంస్థ అదే గదిలో ఏ కొమ్మో దీర్ఘమో పెట్టేది. వేషం తెలుగుది, లోపల ఉన్నది రోమన్ గుర్తు. అందువల్ల ఒక సైటులోంచి మాట కాపీ చేసి ఇంకోచోట పెడితే చెత్త వచ్చేది, గోదావరి అని వెతికితే గోదావరి దొరికేది కాదు. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో నంబరిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే చోటిచ్చారు, అందులో క అనే అక్షరానికి 0సీ15 అనే నంబరు ఉంది, ప్రపంచంలో ఏ కంప్యూటర్‌కి వెళ్లినా అది క మాత్రమే. కానీ ఆ చోటు మన బల్లమీదికి రావడానికి విండోస్ ఎక్స్‌పీ, అందులోని గౌతమి ఫాంటు దాకా ఆగాల్సి వచ్చింది.

మీరే చూడాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌కి వెళ్లండి. 2001లో జనానికి తెరిచిన ఆ సేవలో 1996 నుంచి దాచిన పేజీలున్నాయి. అందులో మీకు తెలిసిన పాత తెలుగు పత్రిక చిరునామా ఏదైనా ఇచ్చి, 2001 దగ్గరి తేదీ ఒకటి ఎంచుకుని, పేజీలోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. అర్థంలేని గుర్తులు వస్తే అది ఫాంట్ల కాలం నాటిది. ఇప్పటి పేజీ నుంచి అదే పని చేయండి, తెలుగు తెలుగుగానే వస్తుంది.

అప్పట్లో రాసుకునే తెలుగువాళ్లు లేరని కాదు. వెబ్‌కన్నా ముందునుంచీ ఉన్న చర్చావేదిక యూజ్‌నెట్‌లో తెలుగువాళ్ల గుంపు ఉండేది, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్లు తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసేవాళ్లు, ఈమాట అనే వెబ్ పత్రిక 1998లోనే మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది, దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జునే పేపర్ల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే పనిముట్టు తయారుచేశారు. 2006లో వీవెన్ లేఖిని పెట్టారు, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించిన కూడలి కూడా ఆయనదే. లేఖినిలో పైగడిలో ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే కిందిగడిలో తెలుగు పడేది, కాపీ చేసుకుని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవడమే. ఒక్కసారిగా గృహిణులు, మాస్టర్లు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు రాయడం మొదలుపెట్టారు. అందుకే నన్నడిగితే తెలుగులో వెబ్ 2.0 మొదలైంది యూనికోడ్ చేతికొచ్చిన రోజున, మిగతా టెక్నాలజీ అంతా దాని తర్వాతే.

రెండో తరాన్ని కళ్లతో చూడటం

ఏదైనా సోషల్ మీడియా సైటు కంప్యూటర్‌లో తెరిచి కీబోర్డు మీద ఎఫ్12 నొక్కండి. పక్కన ఒక పలక తెరుచుకుంటుంది, అందులో నెట్‌వర్క్ అనే భాగానికి వెళ్లండి. ఇప్పుడు ఏదైనా పోస్టుకి లైక్ కొట్టండి. పేజీ కదల్లేదు, తెల్లబడి మళ్లీ రాలేదు, కానీ ఆ పలకలో కొత్త వరుస ఒకటి చటుక్కున పడుతుంది. మీరు ఇచ్చిన లైక్ వెనకదారిన సర్వర్‌కి వెళ్లిపోయిందన్నమాట. ఏమీ నొక్కకుండా ఊరికే కిందికి జరుపుతూ పొండి, వరుసలు పడుతూనే ఉంటాయి, మీరు ఎక్కడిదాకా చూశారో కూడా వెళ్తూ ఉండొచ్చు. తర్వాత సెర్న్ వాళ్ల మొదటి పేజీ తెరిచి అదే పలక చూడండి. పేజీ వచ్చినప్పుడు పడిన వరుసలే, తర్వాత ఎంతసేపు చూసినా నిశ్శబ్దం.

ఈ వెనకదారికి మూలం మైక్రోసాఫ్ట్ వాళ్లు 1999లో తమ బ్రౌజర్‌లో పెట్టిన ఒక చిన్న సదుపాయం, మెయిల్‌ను వెబ్‌లో చూపించడానికి చేసుకున్నది. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ దాన్ని వాడి చూపించేసరికి అందరూ ఆశ్చర్యపోయారు. అదే ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గ్యారెట్ దానికి ఏజాక్స్ అని పేరుపెట్టారు. పేజీ మొత్తం మళ్లీ తెచ్చుకునే పని తప్పడంతో ఒక్క లైను రాయడం, ఒక్క ఫొటో ఎక్కించడం సులువైపోయింది, సులువైంది కాబట్టి అందరూ రాశారు. యూట్యూబ్‌లో మొదటి వీడియో 2005 ఏప్రిల్ 23న పడింది, జూలో ఏనుగుల ముందు నిలబడి ఒకతను మాట్లాడే 19 సెకన్ల ముక్క. అంతకన్నా గొప్పది పెట్టాలని ఎవరూ అనలేదు, అందుకే పెట్టడం తేలికైంది.

ఇప్పుడు రెండో ప్రశ్నకు రండి. మీరు రాసింది ఎక్కడుంది? వాళ్ల దగ్గర. ఎవరికి ముందు చూపించాలో తేల్చేది వాళ్లు. ఖర్చు ప్రకటనల నుంచి వస్తుంది కాబట్టి మీరు ఎక్కువసేపు ఉండటం వాళ్లకి అవసరం. దీన్ని నేను మోసం అనను, రాయడం రాని కోట్లమంది చేత రాయించింది వాళ్లే. కానీ బేరం ఏమిటో తెలిసి ఒప్పుకోవాలి.

మూడో ప్రశ్న దగ్గర రెండో తరంలోని సైట్లు ఒకదానికొకటి పోలిక లేకుండా విడిపోతాయి. జనానికి ఉచితంగా పేజీలిచ్చిన, 1994లో పుట్టిన జియోసిటీస్ అమెరికాలో 2009 అక్టోబరులో మూతపడింది. మన కుర్రకారంతా ఒకప్పుడు ఉన్న ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ఆగిపోయింది. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో వెళ్లిపోయింది, అందులో తెలుగు సాహిత్య చర్చలు ఏళ్లతరబడి నడిచాయి. వికీపీడియా కూడా జనం రాసినదే, 2001 జనవరి నుంచి నడుస్తోంది, కానీ దాని సమాచారం మొత్తం ఎవరైనా దించుకోవచ్చు, లైసెన్సు కూడా దానికి ఒప్పుకుంటుంది. రేపు ఆ సంస్థ ఉన్నా లేకపోయినా తెలుగు వికీపీడియా ప్రతి ఒకటి మీ హార్డ్‌డిస్క్‌లో ఉండగలదు.

నా సంగతి చెబుతాను. 2003 ప్రాంతంలో మా అమ్మమ్మ పాడిన రోకటిపాటలు, పెళ్లిపాటలు నలభై దాకా ఆర్‌టీఎస్‌లో టైపు చేసి, ఉచితంగా పేజీలిచ్చే ఒక సైటులో పెట్టాను. ఆవిడ అరుగు మీద కూర్చుని పాడుతుంటే నేను నోట్‌బుక్కులో రాసుకుని, సాయంత్రం కేఫ్‌కి వెళ్లి కొట్టేవాణ్ణి. ఆ కంపెనీ మూసేసేముందు మెయిల్ పంపిందట, నేను ఎప్పుడో వాడటం మానేసిన పాత మెయిల్‌కి. నాకు తెలిసేసరికి ఏడాది దాటింది. నోట్‌బుక్కు ఇల్లు మారినప్పుడు పోయింది. వేబ్యాక్ మెషీన్‌లో వెతికితే మొదటి పేజీ దొరికింది, పాటల పేర్లన్నీ నీలంరంగులో వరసగా ఉన్నాయి, ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోతే మూడు తెరుచుకున్నాయి. మిగతావి పేర్లే. అప్పటికి అమ్మమ్మ లేదు. మూడో ప్రశ్న ముఖ్యమని నేను పట్టుబట్టేది ఇందుకే.

మూడోది ఒకటి కాదు, రెండు

ఇక్కడ టెన్షన్ పడకండి, గందరగోళం మీది కాదు, పేర్లదే. వెబ్ 3.0 అని ఒకటుంది, వెబ్3 అని ఇంకొకటుంది, రెండింటికీ చుట్టరికం చాలా తక్కువ.

మొదటిది అర్థం తెలిసిన వెబ్, సెమాంటిక్ వెబ్ అంటారు. దీని గురించి కూడా బెర్నర్స్‌లీయే మరో ఇద్దరితో కలిసి 2001 మేలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాశారు. ఉదాహరణకి హైదరాబాద్ అని రాస్తే మనకి చార్మినార్ గుర్తొస్తుంది, పాకిస్తాన్‌లో సింధ్ వాళ్లకి వాళ్ల హైదరాబాద్ గుర్తొస్తుంది, యంత్రానికి మాత్రం అది అక్షరాల వరస. 2012లో మొదలైన వికీడేటాలో మన హైదరాబాద్‌కి క్యూ1361 అనే నంబరిచ్చారు, సింధ్‌లోని ఊరికి వేరే నంబరుంది, ఇక తికమక ఉండదు. అక్షరానికి యూనికోడ్ చేసిన పనే విషయానికి ఇది చేస్తోంది. చూడాలనుంటే ఒక పెద్ద వంటల సైటులో పెసరట్టు పేజీ తెరిచి, మౌస్ కుడిబటన్ నొక్కి పేజీ సోర్స్ చూసి, అందులో స్కీమా డాట్ ఆర్గ్ అనే మాట కోసం వెతకండి. చాలా సైట్లలో దొరుకుతుంది. దాని పక్కనే వండటానికి పట్టే సమయం ఇంత, ఎంతమందికి సరిపోతుంది, ఏమేం కావాలి అని యంత్రం చదువుకునేలా విడిగా రాసి ఉంటుంది. గూగుల్‌లో వెతికినప్పుడు వంటకం పక్కన నిమిషాలు, చుక్కలు కనిపించేది దానివల్లే. ఈ తరం చప్పుడు లేకుండా వచ్చి పనిచేసుకుపోతోంది, దీన్ని అమ్మేవాళ్లు లేరు కాబట్టి ఎక్కువమందికి పేరు తెలీదు.

రెండోది వెబ్3. ఇథీరియం అనే క్రిప్టో వేదిక స్థాపకుల్లో ఒకరైన గావిన్ వుడ్ 2014లో ఈ మాటను ముందుకు తెచ్చారు. మీ ఖాతా, మీ ఆస్తి ఒక కంపెనీ సర్వర్‌లో కాకుండా బ్లాక్‌చెయిన్‌లో, అంటే వేల కంప్యూటర్లలో ఒకేలా ఉండే చిట్టాలో ఉంటుంది, తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది అన్నది ఆలోచన. ఆ తాళంచెవిని మామూలుగా 12 ఇంగ్లిష్ మాటల రూపంలో ఇస్తారు. మరిచిపోతే పాస్‌వర్డ్ మార్చుకునే దారి లేదు, ఎవరికైనా చెబితే ఆస్తి వాళ్లదే. ఆ మాటలు ఎవరడిగినా, కస్టమర్ కేర్ అని చెప్పినా, దొంగ అనే అనుకోండి.

మూడో ప్రశ్నకి ఇది మంచి జవాబులాగే ఉంది, నేనూ ఆశపడ్డాను. దగ్గరికెళ్లి చూస్తే ఇబ్బందులున్నాయి. చిట్టాలో ఏది రాయాలన్నా ఫీజు కట్టాలి, కాబట్టి పెద్ద బొమ్మలూ వీడియోలూ అందులో పెట్టరు, వేరేచోట పెట్టి దాని చిరునామా మాత్రం రాస్తారు. సిగ్నల్ యాప్ తయారుచేసిన మాక్సీ మార్లిన్‌స్పైక్ 2022 జనవరిలో తన ప్రయోగం గురించి రాశారు. ఆయన చేసిన ఎన్‌ఎఫ్‌టీ, అంటే ఎవరిదో చిట్టాలో నమోదైన డిజిటల్ బొమ్మ, ఒక సైటులో ఒక బొమ్మగా, ఇంకో సైటులో ఇంకో బొమ్మగా కనిపించేది. ఎన్‌ఎఫ్‌టీలు అమ్మే ఓపెన్‌సీ అనే అంగడి దాన్ని తీసేస్తే ఆయన వాలెట్‌లోంచి కూడా మాయమైంది, ఎందుకంటే వాలెట్ అడుగుతున్నది చిట్టాని కాదు, ఆ అంగడి సర్వర్‌ని. తాళంచెవి చేతిలోనే ఉంది, గది మాత్రం మళ్లీ వేరేవాళ్లది.

ఆమధ్య మా మేనల్లుడు ఫోన్ చేసి, మావయ్యా, వెబ్3 కాయిన్ అంట, నెలకింత గ్యారంటీ అంట, పెట్టనా అన్నాడు. యాప్‌లోకి ఎలా వెళ్తున్నావురా అన్నాను. ఫోన్ నంబరు, ఓటీపీ అన్నాడు. 12 మాటలు రాసుకోమన్నారా? లేదు. డబ్బు బయటికి తీయాలంటే? వాళ్లు ఓకే చేయాలంట. అంటే గుమ్మం రెండో తరానిది, తాళంచెవి వాళ్లది, పేరొక్కటే కొత్తది. వాడు పెట్టలేదు. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి కూలినప్పుడు డబ్బు ఇరుక్కున్నవాళ్ల పరిస్థితి కూడా ఇదే, తాళంచెవి తమ దగ్గర లేకుండా ఎక్స్ఛేంజి దగ్గర ఉంచారు. పైగా మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఆ లెక్క కూడా వేసుకోండి.

చెయిన్, కాయిన్ లేకుండా ఇదే సమస్యకి దారి వెతికేవాళ్లూ ఉన్నారు. ఒక సైటులో ఖాతా ఉన్నవాళ్లు ఇంకో సైటులోవాళ్లతో మాట్లాడుకునేలా యాక్టివిటీపబ్ అనే పద్ధతిని 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా ఇచ్చింది, ట్విట్టర్ లాంటి మాస్టోడాన్ దాని మీదే నడుస్తుంది. మెయిల్ లాగానే, మీది ఒక కంపెనీ, నాది ఇంకోటి, అయినా ఉత్తరాలు అందుతాయి. నాకు దీని మీదే ఎక్కువ నమ్మకం.

ఇవాళ సాయంత్రం చేయాల్సిన పని

మీరు ఎక్కడెక్కడ రాశారో ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కోదాని సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్, బ్యాకప్, లేదా డౌన్‌లోడ్ యువర్ ఇన్ఫర్మేషన్ అనే మాటల కోసం చూడండి. గూగుల్‌వాటికి టేకౌట్ అనే పేజీ ఉంది, బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండూ మీ రాతలన్నీ ఒకే ఫైలుగా ఇస్తాయి. ఎక్కడా ఆ మాట కనపడకపోతే, ఆ సైటులో ముఖ్యమైనవి పెట్టడం ఆపేసి, ఉన్నవాటిని చేత్తో కాపీ చేసి తెచ్చుకోండి, విసుగైనా సరే. ఖాతాలకి ఇచ్చిన మెయిల్ ఇప్పుడు మీరు రోజూ చూసేదేనా? కాకపోతే ముందు అది మార్చండి, నా పాటలు పోయింది అక్కడే. వీలైతే ఏడాదికి కొద్దిపాటి డబ్బు కట్టి సొంత డొమైన్ పేరు తీసుకోండి, అప్పుడు ఇల్లు మారినా చిరునామా మారదు. అందరూ చూడగలిగే పేజీలైతే వేబ్యాక్ మెషీన్‌లో చిరునామా ఇచ్చి సేవ్ చేయమని మీరే అడగొచ్చు, వాళ్లంతట వాళ్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

ఫైలు దిగాక పని అయిపోయిందనుకోకండి. వైఫై ఆపేసి, ఆ జిప్ విప్పి, లోపలున్న ఫైలు తెరిచి చూడండి. మామూలుగా హెచ్‌టీఎంఎల్ ఉంటుంది, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. తెలుగు సరిగా రాకుండా గుర్తులు కనిపిస్తే, నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ యాజ్ కొట్టి ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్ 8 (విత్ బీఓఎం అని ఉంటే అది) ఎంచుకుని, వేరే పేరుతో దాచి మళ్లీ చూడండి. ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కనబడేదాకా అసలు ఫైలు చెరపొద్దు. కనబడ్డాక ఒక ప్రతి పెన్‌డ్రైవ్‌లోకి, ఒకటి ఇంట్లో ఇంకొకరి కంప్యూటర్‌లోకి. నేను ఆ మూడు పాటలనీ అలాగే పెట్టుకున్నాను, మా చెల్లెలి దగ్గర కూడా ఒక ప్రతి ఉంది, మిగతావాటిలో ఆమెకి గుర్తున్న చరణాలు ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే అందులో కలుపుతున్నాం.